పాటమ్మ నలభై రోజులు

ఆవిడ అసలు పేరు ఓటర్ల జాబితాలో ఉంది, అంతే. ఊరంతా పాటమ్మ అంటారు. అలాగని జన్మలో ఒక్క పాట పాడిన పాపాన పోలేదు. జోలపాట కూడా రాదు. ఆవిడది వేలం పాట. తెల్లారి ఆరింటికి పడవలు జెట్టీకి చేరి, తడి సిమెంటు నేల మీద చేపల కుప్పలు పడగానే, షెడ్డు మధ్యలో ఉన్న అరుగెక్కి పాట మొదలుపెట్టేది ఆవిడే. ఇరవై ఆరేళ్ళుగా ఆవిడే. అంతకుముందు వాళ్ళ నాన్న. ఆయన ఒకరోజు జ్వరంతో అరుగు మీదే కూలబడితే, బుట్టలు మోస్తున్న కూతురు పైకెక్కి మిగతా కుప్పలన్నీ పాడేసింది. దిగమని ఎవరూ అనలేదు, ఆవిడా దిగలేదు.

ఇక ఆ గొంతు సంగతంటారా, మైకు అక్కర్లేదు. గాలి ఎదురుగా కొడుతున్నా సరే, జెట్టీ చివర లంగరు తాడు చుట్టేవాడికి కూడా ఒక్కో అక్షరం విడివిడిగా వినపడేది. కొత్తగా వచ్చిన వ్యాపారులు ఉలిక్కిపడేవాళ్ళు, పాతవాళ్ళు వాళ్ళని చూసి నవ్వేవాళ్ళు. వేలంలో అరిచేది ఆవిడొక్కతే మరి. కొనేవాళ్ళు నోరు విప్పరు. పక్కవాడికి తెలియకూడదు కదా! ఒకడు కనుబొమ్మ ఎగరేస్తాడు, ఒకడు చెవి గోక్కుంటాడు, ఎక్కువమంది తల ఇంత కిందికి దించి ఎత్తుతారు. ఆవిడ కళ్ళు ఆ పాతికమంది మొహాల మీద తిరుగుతూనే ఉంటాయి. తల ఆడిందా, నోట్లోంచి అంకె ఊడిపడాల్సిందే. చివరి తల ఆడి, ఇక అంతా బిగుసుకుని కూర్చున్నారా, "ఒకటోసారి! రెండోసారి! మూడోసారి!" కుప్ప అయిపోయినట్టే. కంటికీ గొంతుకీ మధ్యలో దీనికి మెదడు లేదురా అని తూకం దగ్గర కూర్చునే వదిన వెక్కిరించేది. నిజమే. ఆలోచిస్తూ కూర్చుంటే పాట తప్పుతుంది.

ఇంటికెళ్ళినా ఆ గొంతుకి సెలవు లేదు. భర్త పడవ ఇంజన్ల మెకానిక్. ముప్పై ఏళ్ళు డీజిల్ ఇంజన్ల పక్కన తల పెట్టి పెట్టి రెండు చెవులూ పోగొట్టుకున్నాడు. పిడుగు పడితే "ఎవరో తలుపు కొట్టారు చూడవే" అనే రకం. చెవి మిషను పెట్టుకుంటే గోల తప్ప మాట తెలియడం లేదని దాన్ని నట్లూ బోల్టుల డబ్బాలో పడేశాడు. లోకంలో ఆయన చెవికి ఆనే మాట ఒక్కటే మిగిలింది, పెళ్ళాం మాట. మధ్యాహ్నం అన్నం దగ్గర ఆవిడ ఊరి కబుర్లన్నీ అరిచి చెప్పేది. ఎవరి పడవ ఎవరి పడవకి తగిలింది, ఎవరి కోడలు అలిగింది, ఏ వ్యాపారి మొహం మాడ్చుకున్నాడు, అన్నీ. ఆయన ముద్ద చేత్తో పట్టుకుని పకపకా నవ్వేవాడు. ఆ వీధిలో ఎవరూ రేడియో కొనుక్కోలేదని జోకు.

ఆయన గొంతు మాత్రం తక్కువా? తన మాట తనకే వినపడని మనిషికి గుసగుస అంటే ఏం తెలుస్తుంది! ఆయన చెవిన పడేసిన రహస్యం గంటలో జెట్టీ దాటేది. దీన్ని ఆవిడ ఏనాడూ తప్పు పట్టలేదు. ఈ వేసవి వచ్చేదాకా ఆవిడకి రహస్యాలేవీ లేవు.

చలికాలం నుంచే గొంతులో జీర మొదలైంది. పది కుప్పలు పాడేసరికి ఏదో అడ్డం పడ్డట్టుండేది. వేడినీళ్ళు తాగింది, మిరియాలు నమిలింది. చివరికి ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి పట్నం పోయి గొంతు డాక్టరుకి చూపించుకుంది. ఆయన నోట్లో గొట్టం పెట్టి చూశాడు. లోపల రెండు తీగలుంటాయట, వాటి మీద కాయలు కాశాయట.

"అరచేతికి కాసినట్టేనమ్మా. నలభై రోజులు మాట పెగలకూడదు. గుసగుస కూడా వద్దు, అదింకా చెడ్డది. మధ్యలో ఒక్కసారి గట్టిగా అరిచారంటే మళ్ళీ మొదటికొస్తుంది. ఆ తర్వాత నేను హామీ ఇవ్వలేను."

చేపలు గుడ్లు పెట్టే కాలమని వేసవిలో రెండు నెలలు వేట ఆపేస్తారు. పడవలన్నీ ఇసక మీదికెక్కి ఉంటాయి, షెడ్డు ఖాళీ. నోరు మూసుకోవడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. చిక్కల్లా ఎందుకు మూసుకుందో తెలియకూడదు. మత్స్యకారుల సంఘం సెక్రటరీ రెండేళ్ళుగా ఒక పాట పాడుతున్నాడు. అన్ని రేవుల్లోనూ గోడకి బోర్డులు పెట్టారట, వ్యాపారులు మీట నొక్కితే అంకెలు వెలుగుతాయట, మనమే వెనకబడ్డామట. "అక్క గొంతుండగా మనకెందుకయ్యా అది?" అని వ్యాపారులే ప్రతిసారీ ఆయన నోరు మూయించారు. అక్క గొంతు లేదని తెలిసిందా, పడవలు నీళ్ళలోకి దిగే లోపే ఆ బోర్డు గోడెక్కుతుంది.

అందుకని పన్ను నొప్పి అని ప్రచారం చేసింది. దవడ చుట్టూ చున్నీ కట్టుకుని, అడిగినవాళ్ళకల్లా బుగ్గ చూపించి మొహం చిట్లించేది. ఊరు నమ్మింది. లవంగం పెట్టుకోమన్నవాళ్ళూ, పీకించుకోమన్నవాళ్ళూ, పీకిస్తే చూపు పోతుందన్నవాళ్ళూ గుమ్మం ముందు బారులు తీరారు. మొగుడికీ అదే చెప్పింది, కాగితం మీద రాసి. ఆయనకి నిజం చెప్పాలని లేకనా? "ఏంటీ, గొంతులో కాయలా!" అని ఆయన ఒక్క కేక పెడితే చాలు, బోర్డుకి మేకు కొట్టినట్టే. నలభై ఒకటో రోజున ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని మొదటి మాట ఆయనతోనే మాట్లాడాలని, అప్పుడు అన్నీ చెప్పి కడుపారా తిట్లు తినాలని ఆవిడ లెక్క వేసుకుంది.

మొదటి వారం ఆయనకి సరదాగానే ఉంది. "ముప్పై ఏళ్ళకి నాకూ కొంచెం ప్రశాంతత దొరికిందిరా," అని వీధిలో అందరితో అన్నాడు. రెండో వారానికి ఆ సరదా తీరిపోయింది. అన్నం దగ్గర గబగబా నాలుగు ముద్దలు మింగి లేచిపోయేవాడు. పని లేని రోజుల్లో కూడా వెళ్ళి పడవల మధ్య కూర్చునేవాడు. "నువ్వు మాట్లాడకపోతే నాకు రోజు గడవట్లేదే," అన్నాడు ఒకసారి, చెయ్యి తుడుచుకుంటూ. ఆవిడకి ప్రాణం ఉసూరుమంది.

ఇంకో రోజు పెరట్లో బట్టలు ఆరేస్తుంటే కనపడింది. ఆయన ఇంటి పక్కనున్న తన మెకానిక్ కొట్టు వాకిట్లో స్టూలు మీద కూర్చుని, స్పానరుతో ఖాళీ ఇంజనాయిలు డబ్బాని కొడుతున్నాడు. ఒకసారి కొట్టి చెవి దగ్గర పెట్టుకుంటున్నాడు, తల విదిలించి మళ్ళీ కొడుతున్నాడు. ఏదో మరమ్మత్తు అనుకుంది గానీ, చేతిలో తడిబట్ట పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడిపోయింది. చెప్పేద్దామా? అప్పటికి పద్దెనిమిది రోజులు గడిచాయి. ఇంకా ఇరవై రెండే కదా అని గుండె రాయి చేసుకుంది.

ఇంతలో ఊడిపడింది సంగీతోత్సవం. సముద్రం ఒడ్డునున్న ఐదు ఊళ్ళలో, వేట లేని రోజుల్లో, పట్నం నుంచి వాద్యగాళ్ళు వచ్చి వాయిస్తారట. ఛేంబర్ సంగీతమట. నలుగురో ఐదుగురో దగ్గరగా కూర్చుని, మైకుల్లేకుండా, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ వాయించుకునేది. ఛేంబర్ అంటే గది అని తెలిసి, "గది సంగీతమైతే గదిలో వాయించుకోక మన చేపల షెడ్డెందుకర్రా?" అన్నాడు సెక్రటరీ. అన్నాడే గానీ షెడ్డుని మూడుసార్లు కడిగించాడు, నిమ్మచెక్కలతో రుద్దించాడు. వాసన రవ్వంత కూడా కదల్లేదనుకోండి.

ఆ ఉత్సవంవాళ్ళు ముందే ఉత్తరం రాశారు. మీ ఊళ్ళో పాట పాడేవాళ్ళు ఎవరైనా ఉంటే, మా కార్యక్రమం వారి పాటతోనే మొదలుపెడతాం అని. మన సెక్రటరీ ఛాతీ ఉబ్బించుకుని జవాబు రాశాడు: "ఉన్నారు. ఇరవై ఆరేళ్ళుగా రోజూ తెల్లవారుజామున మా షెడ్డులో పాడుతున్నారు. తండ్రి దగ్గర నేర్చుకున్నారు. ఆవిడ పాట లేనిదే మా ఊళ్ళో ఒక్క చేప కదలదు." బోర్డు కావాలనే మనిషి కూడా పరాయి ఊరివాళ్ళ ముందు అక్క గొంతునే చూపించుకున్నాడు, అది వేరే సంగతి. పట్నంవాళ్ళకి నెత్తిన పాలు పోసినట్టయింది. పాడితే చేపలు కదిలే పాట! వెంటనే రంగుల కరపత్రం వేయించారు. పైన వయొలిన్ బొమ్మ. దాని కింద మొట్టమొదటి పేరు, "పాటమ్మ, సంప్రదాయ గాయని."

కరపత్రం చదువుకున్న పాటమ్మకి గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. వదిన పొట్ట పట్టుకుని నవ్వింది. ఊరు ఊరంతా నవ్వింది, నవ్వి ఊరుకుందా, ముచ్చటపడింది కూడా. "పాడెయ్ అక్కా, పట్నంవాళ్ళు చెవులు మూసుకుని పారిపోవాలి!" పన్ను తగ్గలేదంటే ఎవరు వింటారు? పన్ను నొప్పికి ఊరి పరువు తీస్తావా అన్నారు. పాడితే ముప్పై రోజుల మౌనం బూడిదపాలు. పాడనంటే ఎందుకో చెప్పాలి.

వాద్యగాళ్ళని ఇంటికొకరి చొప్పున పంచారు. పాటమ్మ ఇంటికొచ్చింది సెల్లో వాయించే అమ్మాయి. పాతికేళ్ళుంటాయి, బక్కపలచని పిల్ల, తనకంటే బరువైన, నేల మీద ఆనించి వాయించే, వయొలిన్‌కి పెదనాన్నలాంటి వాద్యాన్ని వీపున మోసుకుంటూ వచ్చింది. మెకానిక్కి ఆ వాద్యం భలే నచ్చింది. చుట్టూ తిరిగి చూసి, "ఇది ఎన్ని హార్స్ పవరమ్మా?" అని అడిగాడు. సిమెంటు నేల మీద దాని ఇనప కాలు జారుతోందని గమనించి, పాత ఇంజను బెల్టు ముక్క కోసి కింద పెట్టాడు. ఆ పిల్ల వాయిస్తుంటే పక్కన పీట వేసుకుని కూర్చునేవాడు. ఏం వినపడుతోందని ఎవరు అడుగుతారు? చేతులు కదలడం చూస్తూ కూర్చునేవాడు.

కచేరీ రోజు పొద్దున్న పాటమ్మ ఆ అమ్మాయిని వంటింట్లోకి లాగి, తలుపు దగ్గరగా వేసి, పాత క్యాలెండరు వెనక అంతా రాసి చూపించింది. డాక్టరు, కాయలు, బోర్డు, మొగుడు, అన్నీ. పై ఊరి నుంచి వచ్చి పోయే పిల్ల కదా, ఊళ్ళో ఎవరితో చెప్తుంది? అమ్మాయి చదివి నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"మాకు తెలియక ఎంత పని చేశాం ఆంటీ! పాట అంటే పాటే అనుకున్నాం. మీరు దిగులుపడకండి, తప్పు నా మీద వేసుకుంటాను. టైము సరిపోదు, మొదటి అంశం తీసేశామని చెప్పేస్తా." ఆగి, మెల్లిగా అడిగింది. "అంకుల్‌కి కూడా చెప్పలేదా మీరు?"

పాటమ్మ వేళ్ళతో చూపించింది, ఇంకా పది రోజులు.

మాట నిలబెట్టుకుంది పిల్ల. పేరు కొట్టేశారని తెలియగానే సెక్రటరీ ఒంటికాలి మీద లేచాడు. "మా అక్క పేరు అచ్చువేసి తీసేస్తారా? మా షెడ్డులో మా పాటకి చోటు లేదా?" అని ఆ పిల్లని నలుగురిలో నిలబెట్టి దులిపేశాడు. సెల్లో అమ్మాయి తల వంచుకుని మాటలు పడింది. పాటమ్మ పక్కనే నిలబడి, చున్నీ బిగించుకుంటూ, చూస్తూ ఊరుకుంది. సిగ్గుతో తల తీసేసినట్టుంది ఆవిడకి. అయినా ఊరుకుంది. పది రోజులే కదా.

సాయంత్రం ఐదింటికి కచేరీ. రెండొందల మంది దాకా వచ్చారు. తమాషా ఏంటంటే, కుర్చీలు వరసగా వేసినా వ్యాపారులు తమ తమ పాత చోట్లకే పోయి కూర్చున్నారు, చేపల కుప్ప చుట్టూ నిలబడినట్టే. అరుగు మీద నాలుగు కుర్చీలు. రెండు వయొలిన్లు, వాటికంటే కాస్త పెద్దదైన వయోలా ఒకటి, ఒక సెల్లో. పాటమ్మకి ముందు వరసలో కుర్చీ వేసి, "పేరు తీసేసినా నీ చోటు నీదే అక్కా," అన్నాడు సెక్రటరీ, అందరికీ వినపడేలా. పక్కన మెకానిక్, ఇస్త్రీ చొక్కా వేసుకుని.

మొదట్లో ఆవిడకి ఏం అర్థం కాలేదు. తర్వాత మెల్లిగా ఒకటి కనిపెట్టింది. వీళ్ళూ నోరు విప్పరు. మొదటి వయొలిన్ ఆవిడ కొంచెం పైకి తీసుకెళ్ళి ఆగుతుంది, రెండో అతను దానిమీద ఇంకాస్త వేస్తాడు. వయోలా అతను నాకొద్దన్నట్టు కిందే కూర్చుని, ఉన్నట్టుండి అందుకుంటాడు. సెల్లో పిల్ల అందరి ఎత్తూ చూస్తూ అడుగున కాపు కాస్తోంది. ఒకరి కనుబొమ్మ ఒకరు చూసుకుంటున్నారు. ఓహో, ఇదా సంగతి! ఇది వేలమే! ఆవిడ కుర్చీలో ముందుకు జరిగింది. నెల రోజుల్లో మొదటిసారి ఒంట్లో ప్రాణం కదిలినట్టయింది. కళ్ళు వాటంతటవే ఆ నాలుగు మొహాల మీద తిరగడం మొదలుపెట్టాయి. ఒకరి మీద ఒకరు పెంచుకుంటూ పోతున్నారు, పైకి, ఇంకా పైకి. ఎవరూ తగ్గడం లేదు.

ఒక్కసారిగా నలుగురూ ఆగిపోయారు. వాయించే విల్లులు గాల్లో నిలిచాయి. షెడ్డంతా నిశ్శబ్దం. మొదటి వయొలిన్ ఆవిడ తల కొంచెం ఎత్తి, కిందికి ఆడించింది.

"ఒకటోసారి!"

అరిచింది ఎవరో పాటమ్మకే ఒక్క క్షణం తెలియలేదు. లేచి నిలబడి ఉంది, కుడి చెయ్యి పైకెత్తి ఉంది. ఉన్న బలమంతా పెట్టి, అరుగు మీద అరిచినట్టే అరిచింది. వచ్చింది మాత్రం ఆ గొంతు కాదు. ఎండుచేపల బుట్టని సిమెంటు నేల మీద ఈడ్చినట్టు బరబరమంది, మధ్యలోనే చినిగి, చివర ఉత్త గాలి వచ్చింది.

వాయించేవాళ్ళు విల్లులు దించేశారు. వెనక పిల్లలు కిసుక్కుమన్నారు. ఇద్దరు ముగ్గురు వ్యాపారులు అలవాటు కొద్దీ నవ్వబోయి, ఆ గొంతు చెవికెక్కాక ఆగిపోయారు. వదిన రెండు చేతులూ బుగ్గలకి ఆనించుకుంది. పన్ను నొప్పి మాట ఇక ఎవరూ నమ్మరు. సెక్రటరీ ఆవిడ వంక చూశాడు. పాపం, ఆయన మొహంలో సంతోషమేమీ లేదు. కానీ చూపు మాత్రం అక్కడినుంచి జరిగి, తూకం వెనక ఖాళీ గోడ మీదికి పోయింది. పోనీ, బోర్డే రానీ, అనుకుంది పాటమ్మ. ముప్పై రోజుల కష్టం ఒక్క తల ఊపుకి పోయింది. ఏడుపు తన్నుకొచ్చింది. కూలబడినట్టు కుర్చీలో కూర్చుంది.

అప్పుడు పక్కనుంచి వినపడింది.

"ఏంటి, ఆపేశారేంటి?"

మెకానిక్ అరుగు వైపే చూస్తూ అడుగుతున్నాడు, తన మామూలు గొంతుతో, అంటే షెడ్డంతా మోగేలా. ఆయన చూపు వాద్యాల మీదనుంచి కదల్లేదు. ఇద్దరి మధ్యా జానెడు ఎడం కూడా లేదు. జెట్టీ చివరిదాకా పోవాల్సిన అరుపు అరిచింది తను, ఆయన పక్కనే నిలబడి. ఊరంతా తిరిగి చూసింది.

ఆవిడ ఆయన చెవి దగ్గరికి వంగింది. ఇక దాచేదేముంది. "నేనే అరిచా," అంది.

ఆయన తిరిగి ఆవిడ పెదాల వంక చూశాడు. "ఆఁ?"

"నేనే, నేనే అరిచానయ్యా." గొంతు నరాలు ఉబ్బేలా అంది. సెల్లో అమ్మాయి వాద్యం వదిలేసి లేచి, వద్దు వద్దని చేతులూపింది.

ఆయన మొహం మారిపోయింది. చెయ్యి మెల్లిగా చెవి మీదికి పోయింది. పెదాలు కదులుతున్నాయి, మనిషి చెవిలోనే మాట్లాడుతోంది, మాట మాత్రం రావడం లేదు.

"నీ మాట కూడా వినపడట్లేదే," అన్నాడు. "అయిపోయాయే నా చెవులు. పూర్తిగా పోయాయి. పదిహేను రోజుల నుంచీ అనుమానంగానే ఉంది. డబ్బా కొట్టుకుని కూడా చూశా. నీకసలే పన్ను నొప్పి, ఇంకా కంగారుపడతావని చెప్పలేదు."

రెండొందల మందీ విన్నారు. పోయింది ఆయన చెవులు కాదని అక్కడ అందరికీ తెలుసు. ఎవరైనా అరిచి చెప్పినా ఆయనకి అందదు. పాటమ్మ కళ్ళనీళ్ళతో, కాదు కాదని తల అడ్డంగా ఊపింది. ఆయన అది ఓదార్పు అనుకున్నాడు.

"పోనీలేవే, ఏడవకు. నువ్వు మాత్రం ఏం చేస్తావు," అని ఆవిడ వీపు నిమిరాడు.